రోహిణి మీద ప్రయోగం

పెరుందేవమ్మకు అనుమానం రావడానికి కారణం అక్కరలేదు. పొద్దున కాఫీ గొంతు దిగితే చాలు. పాలవాడు చెంబు వంచే తీరు చూసి పాలలో నీళ్ళెన్నో చెప్పేది. పూలమ్మి మూర వేస్తుంటే పూలు చూడకుండా మోచెయ్యి చూసేది. తిరుచానూరు గుళ్ళో పక్కావిడ దొన్నెలో నాలుగు మెతుకులు ఎక్కువ పడ్డాయనిపిస్తే, పెట్టినాయనకూ ఆ పక్కావిడకూ చుట్టరికమేమిటో బస్సు తిరుపతి చేరేలోగా కనుక్కునేది. "నువ్వు పోలీసు శాఖలో ఉండవలసిందానివి" అని భర్త శ్రీమన్నారాయణ పెళ్ళయిన కొత్తలో ఒకసారి అన్నారు. ఆ మాట వెనక ఏ ఉద్దేశముందో ఆవిడ ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంది.

శ్రీమన్నారాయణ తిరుపతిలో దేవస్థానం ఆఫీసులో పెద్ద గుమాస్తా. ఫైళ్ళ మధ్య బతికి బతికి, ఇంట్లో కూడా ఏ విషయం మీదా తన అభిప్రాయం నమోదు కాకుండా చూసుకోవడం అలవాటైన మనిషి. తీర్థకట్ట వీధిలో ఇల్లు. కింద మూడు గదులు, మిద్దె మీద ఒకటి. ఒక్కతే కూతురు. రోహిణీ నక్షత్రంలో పుట్టిందని ఆ పేరే పెట్టి, బి.ఏ. చదివించి, కంచిలో బ్యాంకు ఉద్యోగికిచ్చి చేశారు.

పోయినేడు అరవవాళ్ళ ఆషాఢమైన ఆడి నెలకు, కొత్త కోడలు అత్తింట ఉండకూడదని, రోహిణి పుట్టింటికి వచ్చింది. అప్పటికి మూడో నెల. వచ్చిన కొన్నాళ్ళకే, ఆగస్టులో ఒక శుక్రవారం, ఆ కడుపు నిలవలేదు. "ఇట్లా అవుతుంటాయమ్మా, ఎవరూ చేసింది కాదు" అంది డాక్టరమ్మ. ఎవరూ చేయకుండా జరిగేవి లోకంలో ఉంటాయని పెరుందేవమ్మ ఏనాడూ నమ్మలేదు కనుక మొదట డాక్టరమ్మనే అనుమానించింది. తర్వాత ఆవిడ రాసిచ్చిన టానిక్కును. ఆ తర్వాత బొప్పాయి ముక్కలు పంపిన ఎదురింటి పంకజాక్షిని. ఆ ముక్కలన్నీ తిన్నది శ్రీమన్నారాయణేనని తేలాక, పంకజాక్షి ఆయనకెందుకు పంపిందనే కొత్త అనుమానం మిగిలింది. వియ్యపురాలు, వియ్యపురాలి చెల్లెలు, గర్భిణికి సీటు ఇప్పించని కంచి బస్సు కండక్టరు, ఇలా ఏడాదిపాటు ఆ అనుమానం ఊళ్ళు తిరిగి, ఎవరిమీదా కుదురుగా నిలవక, ఇంటికే తిరిగొచ్చి గడపలో కూర్చుంది.

ఈ ఏడు రోహిణి మళ్ళీ నీళ్ళోసుకుంది. ఇప్పుడు ఏడో నెల. సీమంతం చేసి తీసుకొచ్చారు. ఈసారి బిడ్డ చేతికి రావాలి. దేవుణ్ణి అంతకు మించి అడగవలసింది పెరుందేవమ్మకు ఏమీ లేదు. అడిగి ఊరుకునే మనిషి కాదు గనుక కాపలా కూడా కాస్తోంది.

అటువంటి ఇంట్లో, మిద్దె మీద గదిలో, ధనంజయ అద్దెకున్నాడు. పలమనేరు దగ్గరి పల్లెటూరివాడు. కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు, బ్రహ్మచారి. గట్టిగా నవ్వడు, సిగరెట్టు తాగడు, ఉల్లిపాయ గది గడప దాటనివ్వనని అడగకముందే చెప్పాడు. ఇన్ని మంచి గుణాలు ఒక్కచోట చేరడం పెరుందేవమ్మకు మొదటినుంచీ నచ్చలేదు.

ధనంజయ చేస్తున్న పని ఇది. శ్రీహరికోట నుంచి రాకెట్టు ఎగరబోతోందని, దాని మీద ప్రసంగం రాసిమ్మని కడప రేడియో వాళ్ళు అడిగారు. అడిగి, ఇంగ్లీషు మాట ఒక్కటి దొర్లినా ఒప్పుకునేది లేదన్నారు. అందుకని ధనంజయ రాకెట్టును వాహకనౌక అన్నాడు. శాటిలైటును ఉపగ్రహమన్నాడు. అది ఎగరడం ప్రయోగం, అది తిరిగే దారి కక్ష్య. ఆ ఉపగ్రహానికి పెద్దవాళ్ళు పెట్టిన పేరు రోహిణి. కాలేజీ నుంచి వచ్చాక రోజూ సాయంత్రం తలుపు వేసుకుని, గొంతు సవరించుకుని, ఈ మాటలన్నీ పైకి చదివి సాధన చేసేవాడు. పాపం, ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. తెలియవలసినావిడకు ఈ సంగతి తెలియకపోవడంతోనే వచ్చింది చిక్కంతా.

ఒకరోజు అంట్లు తోముతూ పనిమనిషి తాయమ్మ మొదలుపెట్టింది.

"అమ్మా, ఒక మాట సెప్తే నన్ను తిట్టగూడదు."

"తిట్టేదీ లేనిదీ విన్నాక చూస్తాలే. చెప్పు."

"పైన లెచ్చరరు ఉండాడే, ఆయన గది ఊడవను పొయ్యినా. నాలుగు రేకు డబ్బాలు ఒకదాని మింద ఒకటి పేర్చినాడు. అన్నిటికన్నా పైన నిమ్మకాయ."

"నిమ్మకాయా?"

"నిమ్మకాయే మా. ఉత్త నిమ్మకాయయితే పులిహోరకేమోలే అనుకుందును. సూది గుచ్చుండాది. సూదికి దారం. నేల మింద సుద్దముక్కతో గుండ్రంగా ముగ్గు. మొగోడు ముగ్గేసేది యాడన్నా సూసినావా నువ్వు?"

చింతపండు పిసుకుతున్న పెరుందేవమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఇంకేం చూసినావు?"

"సూసింది అంతే. ఇన్నది ఇంగా ఉండాది. నిన్న సాయంత్రం బట్టలు తీసను పోతే, లోపల లెక్క పెడతా ఉండాడు. తిరగేసి. పది, తొమ్మిది, ఎనిమిది అని కిందికి దిగి దిగి, సున్నా అన్నాడు. అని భగ్గు మన్నాడు మా, నోటితోనే! మా ఊళ్ళో గురవమ్మకు చేతబడి చేసినోడు గూడా మంత్రం ఎనక్కే సదివినాడంట."

"ఆ గురవమ్మ ఏమైంది?"

"మొగుణ్ణి ఇడిసిపెట్టి మదనపల్లి పొయ్యింది. ఆడ బాగానే ఉండాదిలే. అయినా చేసినోడు చేసినట్టే గదా!"

పెరుందేవమ్మ లోపలి గదివైపు చూసింది. రోహిణి పక్కకు తిరిగి పడుకుని వారపత్రిక చదువుకుంటోంది. "ఈ మాట దాని చెవిన పడిందో, నీ పని చెప్తా" అని తాయమ్మ మీదికి వేలు చూపి, ఆ సాయంత్రం వడియాల చాట పట్టుకుని తనే మిద్దె ఎక్కింది. వడియాలు ఎండి అప్పటికి వారమైంది.

తలుపు వేసి ఉంది. లోపలినుంచి ధనంజయ గొంతు, మామూలు గొంతు కాదు, పూనకం వచ్చినవాడిలా నింపాదిగా, గంభీరంగా వినిపిస్తోంది.

"శ్రోతలారా! ప్రయోగమనగా సామాన్యమైన విషయం కాదు. ఇందులో నాలుగు దశలుంటాయి. ఒక్కొక్క దశ దహించుకుపోయి రాలిపోతుంది. నాలుగవ దశ ముగియగానే రోహిణి కక్ష్యలో పడుతుంది."

పెరుందేవమ్మ తలుపు సందుకు కన్ను ఆనించింది. గదిలో ఉన్నది అతనొక్కడే. మరి ఈ శ్రోతలెవరు? కక్ష్య అన్నాడో కక్ష అన్నాడో ఎవరి చెవికైనా తేడా తెలియదు. ఆవిడ చెవికి కక్ష తప్ప ఇంకొకటి వినబడే అవకాశమే లేదు.

"గత ఆగస్టు మాసంలో జరిగిన ప్రయోగంలో, రెండవ దశ అదుపు తప్పుట వలన, రోహిణి నిలవలేదు. ఈసారి ఆ లోపం జరుగదని ఆశిద్దాం."

వడియాలు మిద్దె మీదే ఒలికిపోయాయి. ఏడాదిగా గడపలో కూర్చున్న అనుమానం లేచి, మెట్లెక్కి, ఆ తలుపు ముందు నిలబడింది.

ఆదివారం నాడు మరొకటి జరిగింది. ధనంజయ కోసం సూళ్ళూరుపేట నుంచి స్నేహితుడొకడు వచ్చాడు. నుదుట ఇంత చెంగాళమ్మ కుంకుమ. ఆ తల్లి ఎంత ఉగ్రమైనదో పెరుందేవమ్మకు తెలుసు. ఆ ఊరి పక్కనే శ్రీహరికోట ఉందన్నది మాత్రం ఆ క్షణాన తట్టలేదు. కాఫీ గ్లాసులు తనే పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లెక్కింది.

"శుక్రవారం పొద్దున ఎనిమిదికి" అంటున్నాడు స్నేహితుడు. "నీ నోట్లోనించి మాట జారితే నా ఉద్యోగం పోతుందప్పా. రోహిణి సంగతి మనిద్దరి మధ్యనే ఉండాల."

అప్పుడే ఆవిడ గడపలో కనబడింది. ఇద్దరూ ఒక్కసారిగా వానల గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. బయట మబ్బు తునక కూడా లేదు.

శుక్రవారమంటే ఆడి మొదటి శుక్రవారం. పోయినేడు పోయిందీ ఆడి శుక్రవారమే. పెరుందేవమ్మ తిన్నగా భర్త దగ్గరికి వెళ్ళింది.

"ఏమండీ, పైన అబ్బాయి ప్రయోగం చేస్తున్నాడు."

"ఫిజిక్సు కదా, చేస్తారు" అన్నారు శ్రీమన్నారాయణ పేపరు వెనకనుంచి.

"రోహిణి మీద."

పేపరు కాస్త కిందికి దిగింది. "రుజువు?"

"నిమ్మకాయ."

ఆయన పేపరు ఒళ్ళో పెట్టుకున్నారు. "అడిగినావా?"

"అడిగితే చేశానంటాడా ఎవడైనా?"

"అయితే కాణిపాకం తీసుకుపో. ఆ స్వామి ముందర అబద్ధం ఆడేవాడు ఇంతవరకు పుట్టలేదు" అని మళ్ళీ పేపరు ఎత్తారు. తనకు తేలని ఫైలును పై అధికారికి పంపించడం ఆయన అలవాటు. ఈసారి వినాయకుడికి పంపించారు.

ఆ చుట్టుపక్కల గట్టు తగాదా అయినా, దొంగతనమైనా, మొగుడూ పెళ్ళాల అనుమానమైనా చివరికి చేరేది కాణిపాకానికే. తలస్నానం చేసి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ఎదుట నిలబడి ప్రమాణం చేస్తే మాట తేలిపోయినట్టే. పెరుందేవమ్మ గురువారం నాడు, "మా ఆయనకు సెలవు లేదప్పా, కాస్త తోడు రా" అని ధనంజయను బయల్దేరదీసింది. ఇంటావిడ అడిగితే కాదనలేక, టెంకాయ సంచీ పట్టుకుని అతను చిత్తూరు బస్సెక్కాడు.

చంద్రగిరి దాటాక ఆవిడ మెల్లగా అడిగింది. "నిమ్మకాయలు తెచ్చుకుంటున్నావంటనే?"

"ఒక్కటేనమ్మా. గుండ్రంగా ఉంటుందని."

"గుండ్రంగా ఉండేది నిమ్మకాయేనా? ఉల్లిగడ్డ లేదూ?"

"మీ ఇంట్లో ఉల్లిగడ్డ కూడదు గదమ్మా" అన్నాడు ధనంజయ అమాయకంగా.

ఆవిడ కిటికీవైపు తిరిగి కూర్చుంది. ఇంత తొణకనివాడు మామూలువాడు కాడని నిర్ధారించుకుంది.

కాణిపాకంలో, ఎండకు వచ్చావు తల తడుపుకో నాయనా అని నూతి దగ్గర నాలుగు చేదలు తనే పోయించింది. ధనంజయ కళ్ళు చెమ్మగిల్లాయి. ఊళ్ళో వాళ్ళమ్మ కూడా ఇంత శ్రద్ధ చూపలేదనుకున్నాడు. తడి చొక్కాతో గర్భగుడి ఎదుటికి రాగానే ఆవిడ అతని చెయ్యి పట్టి ఆపింది.

"ధనంజయా, స్వామి వింటున్నాడు. రోహిణి ప్రయోగం సంగతి నీకేమీ తెలియదని ప్రమాణం చెయ్యి."

అతను గబగబా అటూ ఇటూ చూశాడు. "మీకు... మీకెవరు చెప్పినారమ్మా?"

"ఎవరు చెప్తే ఏం? తెలుసా, తెలియదా?"

"మెల్లగా అనండమ్మా! నలుగురు వింటారు."

"వింటే?"

"ఒక మనిషి బతుకు పోతుంది."

పెరుందేవమ్మ అతని చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. "అయితే రేపు ఎనిమిదికి జరిగేది నిజమేనన్నమాట."

"టైము గూడా తెలుసునా!"

"దాన్ని నువ్వు ఆపలేవా?"

"నేనా? నా చేతిలో ఏముందమ్మా. దాని వెనకాల వందలమంది పని చేస్తా ఉండారు. పోయినసారి నిలవలేదు గదా, ఈసారి అందరూ పట్టుదలగా ఉండారు."

వందలమంది! ఎంత దూరం పోయినా ఆవిడ అనుమానం ఇంతవరకు కంచి బస్సు కండక్టరును దాటి పోలేదు.

"ప్రమాణం చేస్తావా, చేయవా?" అంది.

ధనంజయ స్వామివైపు చూశాడు, ఆవిడవైపు చూశాడు. తెలియదని ప్రమాణం చేస్తే అది అబద్ధం. తెలుసునంటే స్నేహితుడి ఉద్యోగం. "ఈ స్వామి ముందర అబద్ధం చెప్పలేనమ్మా. నన్ను అడగబాకండి" అని చేతులు జోడించాడు.

వెనక వరసలో ఉన్న తలపాగా పెద్దాయన ముందుకు వంగి, "ఒప్పేసుకో నాయనా. ఒప్పుకుంటే సగం పాపం ఈడనే పోతుంది. ఆయమ్మ చూస్తే మంచిదిగానే ఉండాది" అన్నాడు.

తిరుగు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. ఇతను మళ్ళీ గదిలోకి దూరి ఏం మొదలుపెడతాడోనని ఆవిడ, ఈవిడ ఆ రహస్యం ఎవరి చెవిన ఊదుతుందోనని అతను, ఒకరినొకరు కాపలా కాస్తూ తిరుపతి చేరారు. దిగేముందు ఆవిడ అంది: "రేపు పొద్దున ఫలహారం మా ఇంట్లోనే. ఏడున్నరకల్లా రా." అతను వెంటనే ఒప్పుకున్నాడు. ప్రయోగం జరిగేదాకా ఆవిడ కళ్ళెదుట ఉంటేనే మేలని అతనికీ అనిపించింది.

శుక్రవారం పొద్దున పెరుందేవమ్మ దీపం పెట్టి, నరసింహస్వామికి మొక్కి, రోహిణిని లోపలి గదిలో పడుకోబెట్టి గడియ పెట్టినంత పని చేసింది. హాల్లో ధనంజయకు పీట వేసింది. ఎదురుగా తను కూర్చుంది. వాకిట్లో తాయమ్మ చీపురు తిరగేసి పట్టుకుని నిలబడింది. శ్రీమన్నారాయణ పేపరు విప్పుకుని, ఏం జరిగినా తనకు కనబడని కోణంలో కుర్చీ తిప్పుకున్నారు. ధనంజయ మాటిమాటికీ రేడియోవంక చూడడం గమనించి ఆవిడ లేచి దాని ప్లగ్గు తీగతో సహా ఊడబీకి కొంగున చుట్టుకుంది.

"ఇడ్లీ తిను."

"చాలమ్మా."

"తిను. ఎనిమిది దాటేదాకా తింటూనే ఉండు."

గోడ గడియారం ఎనిమిది కొట్టింది. ధనంజయ చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది. చెంపల మీద చెమట. కళ్ళు పైకప్పును దాటి ఎక్కడో ఉన్నాయి. పెదవులు కదలసాగాయి.

"లెక్క పెడతా ఉండాడమ్మో!" అని తాయమ్మ చీపురెత్తింది.

"నోరు మూయ్! లెక్క పెట్టొద్దు!" అని పెరుందేవమ్మ కేక వేసిన ఆ క్షణానే, లోపలి గది గుమ్మంలోంచి "అమ్మా!" అని రోహిణి అరిచింది. పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని తలుపుకు ఆనుకుని ఉంది.

పేపరు శ్రీమన్నారాయణ చేతిలోంచి జారి కింద పడింది.

"ఏమైందే తల్లీ? ఏమైంది?"

"తన్నింది" అంది రోహిణి, నవ్వుతూ. "నీ కేకకు లోపలున్నది ఉలిక్కిపడి తన్నింది. ఇంత గట్టిగా ఎప్పుడూ తన్నలేదు. ఇంతకూ ఎందుకట్లా అరిచినావు?"

పెరుందేవమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. చెప్పవలసిన బాధ్యత తాయమ్మ మీద పడింది. తాయమ్మ ఆ బాధ్యతకోసమే పుట్టినట్టు మిద్దెకు పరుగెత్తి నిమ్మకాయను చీపురు పుల్లలతో పట్టుకొచ్చి హాలు మధ్యలో పడేసింది.

"ఇదేందో సెప్పమను మా ఈయన్ను! పిలకాయ మొగం పెట్టుకోని!"

ధనంజయ దాన్ని చూశాడు. గడియారం చూశాడు. ఇక దాచవలసిన పని లేదనుకున్నాడో, దాచే ఓపిక లేకపోయిందో, "అది రోహిణి" అన్నాడు.

"నేనా?" అంది రోహిణి.

మరుక్షణం వారపత్రికలో చదివిన ఉపగ్రహం పేరు గుర్తొచ్చి, ఆమె నిమ్మకాయవంకా దారంవంకా చూసి, వాళ్ళమ్మ మొహం చూసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే తల్లి కొంగులోంచి ప్లగ్గు లాగి రేడియోకు పెట్టింది. మొదట ఏవో పాటలు. తర్వాత ధరవరలు. ధనంజయ రేడియోకు చెవి ఆనించి కూర్చున్నాడు. శ్రీమన్నారాయణ ఆఫీసుకు ఆలస్యమవుతుందని కూడా అనలేదు. చాలాసేపటికి వార్తలొచ్చాయి. శ్రీహరికోట నుంచి జరిపిన ప్రయోగం విజయవంతమైందనీ, రోహిణి ఉపగ్రహం కక్ష్యలో ప్రవేశించిందనీ చెప్పారు.

అవే మాటలు. ప్రయోగం, రోహిణి, కక్ష్య. కాకపోతే ఈసారి దేశమంతటికీ వినబడేలా చెప్పారు.

ధనంజయ మొహం రెండు చేతులతో కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. "బాగుంది" అన్నారు శ్రీమన్నారాయణ. ఆ ఇంట్లో చాలా ఏళ్ళ తర్వాత నమోదైన ఆయన అభిప్రాయం అదే.

నవ్వులు తగ్గాక రోహిణి అడిగింది. "పోయినేడు పడిపోయిందన్నారే, ఆగస్టులో. ఎందుకు పడిందట?"

"రెండో దశలో ఎక్కడో చిన్న లోపమంటమ్మా."

"దానికి ఎవరి మీదైనా పెట్టినారా?"

"ఏం పెట్టేది?"

"నింద."

ధనంజయ నిమ్మకాయను చేతిలోకి తీసుకున్నాడు. "నాకు తెలిసినంతలో లేదమ్మా. మా వాడు చెప్పినాడు, నాలుగురోజులు ఎవరికీ అన్నం సయించలేదంట. తర్వాత మళ్ళీ కట్టను మొదలుపెట్టినారు."

రోహిణి తల్లివంక చూడలేదు. ఒళ్ళో చేతులు చూసుకుంటూ, "అంతే కదా" అంది.

పెరుందేవమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. తర్వాత పొయ్యి మీద పాలు పెట్టిన వాసన వచ్చింది. మధ్యాహ్నం పంకజాక్షి ఇంటికి ఒక గిన్నెలో పాయసం వెళ్ళింది. ఏడాది తర్వాత ఆ ఇంటికి వెళ్ళిన మొదటి గిన్నె అది. పంకజాక్షి దాన్ని తినాలా వద్దా అని అనుమానపడిందని తాయమ్మ వచ్చి చెప్పింది.

సాయంత్రం పెరుందేవమ్మ మళ్ళీ మిద్దె ఎక్కింది. ఈసారి చేతిలో చాట లేదు.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. ఆ రోహిణి పైన ఎన్నాళ్ళుంటుంది?"

"కొంతకాలం తిరుగుతుందమ్మా. తర్వాత కిందికి దిగి దిగి, గాలి రాపిడికి మండి బూడిద..."

"ఆపు!"

ధనంజయ ఆపాడు.

"ఇది రేడియోలో చెప్తావా?"

"చెప్పాలి గదమ్మా. ప్రసంగంలో చివరి మాట అదే."

"మా రోహిణికి పురుడయ్యేదాకా ఆ మాట ఎక్కడా అనడానికి వీల్లేదు."

"అది సైన్సమ్మా!"

"సైన్సు మా అమ్మాయి పేరెందుకు పెట్టుకుంది మరి?"

ధనంజయ చేతిలో కాగితాలు బల్లమీద పెట్టేశాడు. "సరేనమ్మా, అననులెండి. కాణిపాకం రావాల్నా మళ్ళీ?" అన్నాడు దిగులుగా.

ఆవిడ అతన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. "అక్కర్లేదు. నోటిమాట చాలు" అని మెట్లు దిగింది. పెరుందేవమ్మ జీవితంలో ఒక మనిషిని నోటిమాటతో వదిలిపెట్టడం అదే మొదలు. దిగేటప్పుడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసిన మాట నిజమే.

ధనంజయ కడప వెళ్ళి ప్రసంగం చదివి వచ్చాడు. రేడియోవాళ్ళు దాన్ని రికార్డు చేసి, మంచి ముహూర్తం కోసం చూస్తున్నట్టు అట్టే పెట్టుకున్నారు. అది ప్రసారమయ్యేసరికి, సెప్టెంబరులో, పురట్టాసి నెల వచ్చింది. పురట్టాసితోపాటు పెరుందేవమ్మకు మనవరాలూ వచ్చింది. ఒత్తుగా జుట్టు, ఇంట్లో ఎవరినీ నమ్మనట్టు సగం తెరిచిన కళ్ళు. అమ్మమ్మ పోలికేనని అందరూ అన్నారు.

ప్రసంగం వచ్చే సాయంత్రం అందరూ రేడియో చుట్టూ చేరారు. రోహిణి ఒళ్ళో పాప నిద్రపోతోంది. ధనంజయ సిగ్గుపడుతూ ఒక మూల కూర్చున్నాడు. "శ్రోతలారా!" అని అతని గొంతు రేడియోలోంచి వచ్చేసరికి తాయమ్మ వెనక్కి గెంతింది.

"ఆడుండేది ఈయనయితే, ఈడ కూసోనుండేది ఎవురు మా?"

"ఉష్" అంది పెరుందేవమ్మ.

ప్రయోగం, నాలుగు దశలు, కక్ష్య, అన్నీ వచ్చాయి. ఆవిడ ప్రతి మాటకూ తల ఊపుతూ, చివరి మాటకోసం చెవులు నిక్కించి కూర్చుంది.

"ఆ విధంగా మన రోహిణి భూమి చుట్టూ తిరిగి తిరిగి, చివరకు..." రేడియోలో ధనంజయ ఆగాడు. ఒక దగ్గు వినిపించింది. "చివరకు... ఎక్కడున్నా చల్లగా ఉండాలని మనమందరం కోరుకుందాం. సెలవు."

ఇది విని కాలేజీలో తోటి లెక్చరర్లు అతన్ని ఏడాదిపాటు ఏడిపించారు. అది వేరే సంగతి. ఆ పూట మాత్రం ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. రోహిణి వంగి పాప నుదురు ముద్దు పెట్టుకుంది. శ్రీమన్నారాయణ లేచి వెళ్ళి ధనంజయ భుజం తట్టారు.

పెరుందేవమ్మ రేడియో కట్టేసి ధనంజయవైపు తిరిగింది.

"అంతా బాగానే చెప్పినావు గానీ, అబ్బాయ్, మధ్యలో ఆ దగ్గు ఎందుకు దగ్గినావు?"